పరికరములతో పాటు పనివారు కావలెను: కళాశాలలలో దివ్యాంగ విద్యార్థులకు సహాయక సేవలు

ఊరిలో చూపు లేని బాలుడు గాని, వినికిడి లేని బాలిక గాని యున్నచో వారి చదువు ఊరి పాఠశాలతోనే ముగియునని తలచుట మన పెద్దలకు అలవాటై యుండెను. ఆ కాలము మారినది. ఇంటర్మీడియట్ ఉత్తీర్ణులై పట్టణములోని కళాశాలలకు పోవు దివ్యాంగ విద్యార్థులు నేడు పల్లెలనుండియు బయలుదేరుచున్నారు. సీటు దొరకును, ఫీజు సమకూరును, ఒక లాప్‌టాప్ గాని, చక్రముల కుర్చీ గాని చేతికి వచ్చును. అయినను కొన్ని నెలలు గడచునప్పటికి ఆ విద్యార్థి పెట్టె సర్దుకొని ఇంటికి మరలి వచ్చుట సంభవించుచుండును. "ఇటువంటి పిల్లలకు పెద్ద చదువు లెందుకు?" అని ఊరివారు తీర్మానింతురు. లోపము పలు సందర్భములలో విద్యార్థియందు లేదు. పరికరమును వాడుట నేర్పువారు, దానికి తగిన పుస్తకమును సిద్ధము చేయువారు, చెడినపుడు బాగు చేయువారు కళాశాలలో లేకపోవుటయే లోపము. ఈ విషయమును గ్రామ పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన అవసరము కలదు.

2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున దివ్యాంగులు 2 కోట్ల 68 లక్షల మంది. వారిలో సుమారు 1 కోటి 86 లక్షల మంది, అనగా నూటికి 69 మంది, గ్రామవాసులు. నాటి సమైక్య ఆంధ్రప్రదేశ్‌లో వీరి సంఖ్య 22 లక్షలకు పైబడి యుండెను. కాబట్టి ఇది పట్టణవాసులకు మాత్రమే చెందిన సమస్య కాదు. 73వ రాజ్యాంగ సవరణము వలన ఏర్పడిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములు పేర్కొనబడినవి. వానిలో 17వది విద్య. 26వది దివ్యాంగుల సంక్షేమముతో కూడిన సాంఘిక సంక్షేమము. కళాశాలను నడుపుట పంచాయతీ పని కాదు. కాని కళాశాలకు పోవు విద్యార్థిని సకాలమున, సరియైన పత్రములతో, సరియైన వ్యక్తివద్దకు చేర్చుట పంచాయతీకి సాధ్యమైన పని.

చట్టము కల్పించిన హక్కులు

పార్లమెంటు 1995లో చేసిన తొలి చట్టము ఏడు విధములైన వైకల్యములను గుర్తించెను. దాని స్థానమున 2016లో చేయబడిన దివ్యాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిలు 19వ తేదీన అమలులోనికి వచ్చెను. ఇది 21 విధములైన వైకల్యములను గుర్తించినది. అంధత్వము, బధిరత్వము, చలన వైకల్యములతో పాటు మస్తిష్క పక్షవాతము, కండరముల క్షీణత, చదువుటలోను వ్రాయుటలోను కలుగు ప్రత్యేకమైన అభ్యసన వైకల్యము మొదలగునవి కూడ ఇందులో చేరినవి. వైకల్యము నూటికి 40 పాళ్లకు తక్కువ కాకుండ నున్నట్లు ధ్రువపత్రము గలవారికి ప్రభుత్వ కళాశాలలలోను, ప్రభుత్వ సహాయము పొందు ఉన్నత విద్యాసంస్థలలోను నూటికి 5కు తక్కువ కాకుండ సీట్లు కేటాయింపవలెను. ప్రవేశమునకు గరిష్ఠ వయోపరిమితిలో 5 సంవత్సరముల సడలింపు కలదు.

సీట్లతోనే చట్టము ఆగలేదు. ప్రభుత్వ ధనముతో నడచు విద్యాసంస్థలును, ప్రభుత్వ గుర్తింపు పొందిన విద్యాసంస్థలును ప్రతి విద్యార్థి అవసరమును బట్టి సముచితమైన సదుపాయము కల్పించునట్లు చూడవలెనని నిర్దేశించినది. ఈ కర్తవ్యమును ప్రభుత్వముతో పాటు స్థానిక సంస్థలపైనను ఉంచినది. చట్టము చెప్పు స్థానిక సంస్థలలో పంచాయతీయు ఒకటి.

అయితే ఇందు గమనింపదగిన విషయము ఒకటి కలదు. పాఠ్యపుస్తకములును, సహాయక పరికరములును ఉచితముగా నిచ్చుట 18 సంవత్సరముల వయస్సు వరకే ఈ చట్టమున చెప్పబడినది. శిక్షణ పొందిన సిబ్బందిని, వనరుల కేంద్రములను గురించి చట్టము విడిగా చెప్పిన మాటలు పాఠశాల విద్యకు సంబంధించినవి. విద్యార్థి కళాశాలలో చేరునది సరిగా ఆ 18వ యేటనే. అనగా పాఠశాలలో వెన్నంటి యుండిన ఏర్పాట్లు వెనుకబడి, పాఠములు కఠినమగు సమయమున, విద్యార్థి క్రొత్త స్థలమున నిలుచుచున్నాడు. సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో ఇచ్చిన ఒక తీర్పులో 5 శాతము సీట్ల నియమమును అమలు జరుపవలెనని ఆదేశించి, దివ్యాంగ విద్యార్థుల నిత్యావసరములను చూచుటకు అధ్యాపకులు, సిబ్బంది, విద్యార్థులు, తల్లిదండ్రులతో కూడిన సంఘము ప్రతి విద్యాసంస్థలో ఉండవచ్చునా యను విషయమును పరిశీలింపుమని విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘమును కోరెను. ఆ సంఘము 2022లో ఉన్నత విద్యాసంస్థలకు మార్గదర్శకములను ప్రకటించినది. వీనిని ఆచరణలో పెట్టవలసినది మనుష్యులే.

పరికరములు చేయు పని

ఏ వైకల్యమునకు ఏ పరికరము ఉపకరించునో క్లుప్తముగా చూతము.

చూపు లేనివారికి మొదటి సాధనము బ్రెయిలీ లిపి. ఫ్రాన్సు దేశస్థుడగు లూయీ బ్రెయిల్ 1824 ప్రాంతమున, తన పదునైదవ యేట, ఆరు చుక్కలతో ఈ లిపిని రూపొందించెను. మన భాషల కన్నింటికి ఉపకరించు భారతీ బ్రెయిలీ 1951లో ఆమోదింపబడినది. తెలుగు బ్రెయిలీ దానిలోనిదే. నేడు దీనికి తోడు స్క్రీన్ రీడర్ అను ప్రోగ్రాము వచ్చినది. ఇది కంప్యూటరు తెరపైనున్న అక్షరములను చదివి వినిపించును. వీనిలో ఎన్.వి.డి.ఎ. యనునది ఆస్ట్రేలియాలో అంధుడైన ఒక యువకుడు 2006లో ప్రారంభించినది. ఎవరైనను దీనిని ఉచితముగా పొందవచ్చును. తెలుగును కూడ ఇది చదువును. ముద్రిత పుస్తకమును స్కాను చేసి అక్షరములుగా మార్చు ప్రోగ్రాములును కలవు.

వినికిడి తక్కువైనవారికి శ్రవణ యంత్రము, అధ్యాపకుని మైకునుండి నేరుగా చెవికి మాటను చేర్చు సాధనము, మాటను అక్షరములుగా తెరపై చూపు ప్రోగ్రాము ఉపకరించును. పుట్టుకతో బధిరులైన పలువురికి సంజ్ఞాభాషయే ప్రధాన భాష. చేతులు స్వాధీనము లేనివారు మాటతో కంప్యూటరును నడుపవచ్చును. చదువుటలో అక్షరములు తడబడువారికి, వాక్యమును వినిపించుచు అదే సమయమున తెరపై గుర్తించి చూపు ప్రోగ్రాములు మేలు చేయును.

పరికరము తనంతట తాను పనిచేయదు

పొలమునకు విద్యుత్ మోటారు వచ్చినంతమాత్రమున నీరు పారదు. తీగ లాగువాడు, మోటారు బిగించువాడు, చెడినపుడు చుట్టు చుట్టువాడు కావలెను. కళాశాలలోని సహాయక పరికరముల సంగతియు నిట్టిదే. ఒక ఉదాహరణమును తీసికొందము.

చూపు లేని ఒక విద్యార్థి డిగ్రీలో అర్థశాస్త్రము తీసికొన్నాడు. అతని లాప్‌టాప్‌లో స్క్రీన్ రీడర్ కలదు. కాని అతని తెలుగు పాఠ్యపుస్తకములు ముద్రణరూపమున నున్నవి. ప్రచురణకర్త కంప్యూటరు ప్రతిని ఇచ్చినను చిక్కు తీరదు. మన తెలుగు పుస్తకములు పెక్కు యూనికోడ్‌లో గాక అను ఫాంటులు మొదలగు పాత అక్షరపద్ధతులలో కూర్చబడినవి. తెరపై అవి తెలుగుగానే కనిపించును గాని, స్క్రీన్ రీడర్‌కు అవి అర్థము లేని గుర్తులు. కాబట్టి వానిని యూనికోడ్‌లోనికి మార్చవలెను. లేదా పుస్తకమును స్కాను చేయవలెను. స్కాను చేసినపుడు వత్తులు, గుణింతములు తారుమారగును. పట్టికలలోని అంకెలు ఒకదానిలో నొకటి కలిసిపోవును. రేఖాపటముల స్థానమున ఏమియు వినబడదు. ఒక మనిషి కూర్చుండి పుటవెంబడి పుట సరిచూచి, పట్టికలను సవరించి, పటములను మాటలలో వర్ణించి వ్రాయవలెను.

ఈ పనికి ఎంత కాలము పట్టునో లెక్క వేయుదము. సంవత్సరమునకు ఆరు పుస్తకములు, ఒక్కొక్కటి 250 పుటలు అనుకొన్నచో మొత్తము 1,500 పుటలు. ఒక వ్యక్తి దినమునకు 50 పుటలు సరిచూడగలిగినచో 30 పనిదినములు కావలెను. వేర్వేరు విషయములు చదువు విద్యార్థులు ముగ్గురున్నచో 90 పనిదినములు. విద్యార్థి చేరిన పిదప పని ప్రారంభించినచో మొదటి పరీక్షలు వచ్చునప్పటికి పుస్తకములు సిద్ధము కావు. ప్రవేశము ఖాయమైన నాడే పని ప్రారంభము కావలెను. రెండు నెలల ముందు తెలిసిన సమాచారమునకును, చేరిన రోజున తెలిసిన సమాచారమునకును ఇంత భేదము కలదు.

చట్టపరమైన అడ్డంకి ఇందు లేదు. 2012లో కాపీరైటు చట్టమును సవరించి, దివ్యాంగుల నిమిత్తము పుస్తకములను వారికి పనికివచ్చు రూపములోనికి మార్చుటకు అవకాశము కల్పింపబడినది. ఇట్టి పుస్తకములను దేశముల మధ్య ఇచ్చిపుచ్చుకొనుటకు 2013లో మరాకేష్ నగరమున కుదిరిన ఒడంబడికను 2014లో అందరికంటె ముందుగా ధ్రువీకరించిన దేశము మనదే. 2016లో సుగమ్య పుస్తకాలయ మను ఆన్‌లైను గ్రంథాలయము ప్రారంభమైనది. ఒకచోట తయారైన పుస్తకము వేరొకచోట మరల తయారు చేయ నక్కరలేదు. అయితే ఆ గ్రంథాలయములో వెదకి, దొరకిన దానిని తెచ్చి, దొరకని దానిని తయారు చేయు మనిషి కళాశాలలో ఉండవలెను.

ఏయే పనివారు కావలెను?

మొదటివాడు సమన్వయకర్త. ప్రవేశపు జాబితాను చూచి, విద్యార్థిని పిలిపించి, ఏమి కావలెనో అడిగి వ్రాసికొని, అధ్యాపకులకును, పరీక్షల విభాగమునకును, వసతిగృహమునకును తెలియజేయుట ఇతని పని. పలుచోట్ల ఈ పని పూర్తి బోధనభారము గల ఒక అధ్యాపకునిపై అదనముగా పడుచున్నది. పాఠములు చెప్పి, పరీక్షాపత్రములు దిద్ది, మిగిలిన సమయమున చేయవలసివచ్చినపుడు పని నామమాత్రమగును. ఇతనికి కొంత బోధనభారము తగ్గించుట మంచిది.

రెండవవాడు పరికరముల శిక్షకుడు. స్క్రీన్ రీడర్‌ను మౌసు లేకుండ కీబోర్డుతోనే నడుపవలెను. దానికి పదులకొలది ఆదేశములు కలవు. వానిని అలవరచుకొనుటకు నెలల అభ్యాసము కావలెను. దీనిని తాను నిత్యము వాడుకొనుచున్న అంధుడైన పట్టభద్రుడు ఈ ఉద్యోగమునకు మిక్కిలి తగినవాడు. అట్లు చేసినచో ఒక దివ్యాంగునకు జీవనోపాధియు, క్రొత్తగా వచ్చిన విద్యార్థికి ధైర్యమును కలుగును.

మూడవది పుస్తకముల తయారీ. దీనిని గ్రంథాలయ సిబ్బందిలో ఒకరికి శిక్షణ యిచ్చి అప్పగింపవచ్చును. సరిచూచు పనికి అదే విషయము చదువుచున్న తోటి విద్యార్థులను ప్రతిఫలమిచ్చి నియమింపవచ్చును.

నాలుగవవారు సంజ్ఞాభాష అనువాదకులు. వీరి కొరత అధికము. గంటసేపు ఎడతెగక అనువదించుట ఒక్కరికి దుస్సాధ్యము గనుక దీర్ఘమైన తరగతులకు ఇద్దరు వంతులవారీగా పనిచేయుట మంచి పద్ధతి. రసాయనశాస్త్రము వంటి విషయములలో పెక్కు పదములకు స్థిరమైన సంజ్ఞలు లేవు. అధ్యాపకుడు మరునాటి పాఠమును ముందుగా అనువాదకునికి ఇచ్చినపుడే పని సవ్యముగా సాగును. 2015లో ఢిల్లీలో స్థాపింపబడిన భారతీయ సంజ్ఞాభాషా పరిశోధన, శిక్షణ కేంద్రము అనువాదకులకు శిక్షణ నిచ్చుచున్నది. ప్రత్యేక విద్య, పునరావాస రంగములలో పనిచేయు నిపుణుల అర్హతలను 1992 చట్టము క్రింద భారత పునరావాస మండలి నమోదు చేయుచున్నది. కళాశాలలు నియామకములు చేయునపుడు ఈ నమోదును చూడవలెను.

ఐదవది పరీక్షల సహాయము. వ్రాయలేని వారికి లేఖకుడు కావలెను. కేంద్ర ప్రభుత్వము 2018లో ప్రకటించిన మార్గదర్శకములు పరీక్షలో గంటకు 20 నిమిషములకు తగ్గకుండ అదనపు సమయమును నిర్దేశించెను. పరీక్ష ముందురోజున లేఖకునికై ఊరంతయు వెదకుట విద్యార్థికి ప్రాణసంకటము. కళాశాలయే లేఖకుల జాబితాను ముందుగా సిద్ధపరచి, వారికి పద్ధతులను తెలుపవలెను.

ఆరవవాడు మరమ్మతు చేయువాడు. చక్రముల కుర్చీ చక్రము విరిగినచో, శ్రవణ యంత్రము మూగబోయినచో, విద్యార్థికి ఆ దినము తరగతి లేనట్లే. నెలకు రెండుసార్లు వచ్చు మెకానిక్‌తో ఒప్పందమైనను ఉండవలెను.

అనుభవము నేర్పు పాఠము

ఈ విషయమున అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన బర్క్లీ అనుభవము చెప్పుకొనదగినది. ఎడ్ రాబర్ట్స్ అను యువకుడు పోలియో వలన మెడ క్రింది భాగము చచ్చుబడి, ఊపిరికై ఉక్కు యంత్రమున నిద్రింపవలసిన స్థితిలో 1962లో అచట చేరెను. ఆ యంత్రమును వసతిగృహమున ఉంచుటకు వీలులేక విశ్వవిద్యాలయపు ఆసుపత్రిలో ఒక గది ఇచ్చిరి. అతనిని చూచి మరికొందరు దివ్యాంగులును వచ్చి చేరిరి. కుర్చీలును, యంత్రములును ఉన్నను దినదినము ఎదురగు చిక్కులు తీరకపోవుటచే 1970లో దివ్యాంగ విద్యార్థులకై ప్రత్యేక కార్యాలయమొకటి ఏర్పడినది. పరిచారకులను కుదుర్చుట, నివాసములను వెదకుట, చక్రముల కుర్చీలను బాగు చేయుట దాని ముఖ్యమైన పనులు. దానిని నడపినవారిలో దివ్యాంగులే ముందుండిరి. ఉద్యోగము చేయ నశక్తుడని మొదట రాబర్ట్స్‌ను త్రోసిపుచ్చిన రాష్ట్ర పునరావాస శాఖకు 1975లో ఆయనయే డైరెక్టరుగా నియమింపబడెను.

మన తెలుగుదేశముననే మరియొక ఉదాహరణము కలదు. మచిలీపట్నము సమీపమున సీతారామపురములో జన్మించిన శ్రీకాంత్ బొల్లా పుట్టుకతో చూపు లేనివారు. పదవ తరగతి పిదప విజ్ఞానశాస్త్రము చదువగోరినపుడు నాటి నిబంధనలు అడ్డురాగా, న్యాయస్థానము నాశ్రయించి అనుమతి పొందిరి. అనుమతి పత్రము ఒక్కటియే పాఠమును చెప్పజాలదు. పాఠ్యపుస్తకములన్నియు ఆయనకొరకు శబ్దరూపమున తయారైనవి. వానిని విని ఆయన నూటికి 98 మార్కులతో ఉత్తీర్ణులైరి. అనంతరము అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చదివి, 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ అను పరిశ్రమను స్థాపించి అనేక దివ్యాంగులకు పని కల్పించిరి. హక్కును న్యాయస్థానము ఇచ్చెను. ఆ హక్కును చదువుగా మార్చినది పుస్తకములను చదివి ధ్వనిముద్రణము చేసినవారి శ్రమ.

చిన్న కళాశాలలు ఏమి చేయగలవు?

పట్టణములోని చిన్న కళాశాలలో దివ్యాంగ విద్యార్థులు ఐదారుగురు మాత్రమే యుందురు. వారికై ఆరుగురు సిబ్బందిని నియమించుట సాధ్యము కాదని ప్రిన్సిపాలు చెప్పవచ్చును. ఆ మాట నిజమే. కాని ఒకే పట్టణమున, లేదా ఒకే డివిజనున నున్న నాలుగైదు కళాశాలలు కలిసి ఒక శిక్షకుని, ఒక అనువాదకుని, ఒక మెకానిక్‌ను పంచుకొనవచ్చును. ఒక కళాశాలలో తయారైన పుస్తకమును ఇతరులకు ఇవ్వవచ్చును. సమన్వయకర్త మాత్రము ప్రతి కళాశాలకును వేరుగా ఉండవలెను. ఏలయన విద్యార్థి ప్రతిదినము తట్టవలసిన తలుపు అదియే. మన రాష్ట్రములలోని పలువురికి అందుబాటులో సికింద్రాబాదునందు మానసిక వైకల్యము గలవారి జాతీయ సంస్థయు, వినికిడి వైకల్యమునకు సంబంధించిన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రమును కలవు. సిబ్బంది శిక్షణ విషయమున కళాశాలలు ఇట్టి సంస్థల సలహాను పొందవచ్చును.

పంచాయతీ సభ్యుల కర్తవ్యము

గ్రామమున చేయదగిన పనులు ఇవి:

1. గ్రామములో పదవ తరగతి, ఇంటర్మీడియట్ చదువుచున్న దివ్యాంగుల పట్టికను తయారు చేయుడు. పాఠశాల పిల్లలలో దివ్యాంగులను గుర్తించుటకు ఐదేండ్ల కొకసారి సర్వే జరుగవలెనని చట్టమే చెప్పుచున్నది.

2. వైకల్య ధ్రువపత్రమును, విశిష్ట గుర్తింపు కార్డును ముందుగానే ఇప్పింపుడు. మన పల్లెలలో సదరం పేరిట సుపరిచితమైన ఈ పత్రము కేవలము పింఛనుకొరకే యని పలువురు తలంతురు. కళాశాల సీటుకు, ఉపకారవేతనమునకు, పరీక్షలో అదనపు సమయమునకు కూడ ధ్రువపత్రము ఉపయోగపడును.

3. ప్రవేశము ఖాయము కాగానే తల్లిదండ్రులచే కళాశాలకు వ్రాతమూలకముగా దరఖాస్తు ఇప్పింపుడు. ఏ విషయములు చదువుచున్నది, పుస్తకములు ఏ రూపమున కావలెను, పరీక్షకు లేఖకుడు కావలెనా, వసతిగృహములో క్రింది అంతస్తు గది కావలెనా అనునవి అందులో స్పష్టముగా వ్రాయింపుడు. నకలు ఒకటి దగ్గర నుంచుకొనుట మరువరాదు.

4. కళాశాలకు పోయినపుడు "కంప్యూటరు కలదా?" అని అడిగి ఊరకుండవలదు. "దానిని నేర్పువా రెవరు? పుస్తకములు తయారు చేయువా రెవరు? ఏ వేళల దొరకుదురు?" అని అడుగుడు. పేరు చెప్పగలిగిన కళాశాల పని చేయుచున్న కళాశాల.

5. సహాయక పరికరములకై 1981 నుండి కేంద్ర ప్రభుత్వ పథకము ఒకటి అమలు జరుగుచున్నది. ఈ పథకము క్రింద జరుగు శిబిరములను గురించి జిల్లా దివ్యాంగుల సంక్షేమ కార్యాలయమున విచారించి, విద్యార్థులకు ముందుగా తెలియజేయుడు.

6. న్యాయము జరుగనిచో, ప్రభుత్వ కళాశాలలోని ఫిర్యాదుల పరిష్కార అధికారికి మొదట తెలుపుడు. అప్పటికిని ఫలితము లేనిచో రాష్ట్ర దివ్యాంగుల కమీషనరుకు దరఖాస్తు చేసికొనవచ్చును.

7. మొదటి సెమిస్టరు ముగియు లోపల ఒక్కసారి యైనను ఆ విద్యార్థిని పలుకరించి, చదువు సాగుచున్న విధమును విచారింపుడు. చదువు మానివేసి ఇంటికి వచ్చిన పిదప చేయు సహాయముకంటె చిక్కులు మొదలైన నెలలో చేయు సహాయము విలువైనది.

ఈ పనులలో దేనికిని పంచాయతీ నిధినుండి పెద్ద మొత్తము వెచ్చింప నవసరము లేదు. ఒక పట్టిక, ఒక దరఖాస్తు, కళాశాలకు ఒక ప్రయాణము చాలును. చక్కగా చదివి పట్టభద్రుడై తిరిగి వచ్చిన ఒక దివ్యాంగ విద్యార్థిని చూచిన గ్రామమున, తరువాతి బాలికను గాని, బాలుని గాని "నీకెందుకు చదువు?" అని అడుగువారు తగ్గుదురు. రాబోవు ప్రవేశముల కాలమునకు ముందే ప్రతి పంచాయతీ తన గ్రామములోని ఇట్టి విద్యార్థుల పేర్లను సిద్ధపరచుకొని, వారు చేరబోవు కళాశాలలకు తెలియజేయుట శ్రేయస్కరము.